బండలెక్కే బుల్లి బండి

*టైరు అర అంగుళం పెరిగితే గేరు మారాలి, స్ప్రింగు మారాలి, బరువు చోటు మారాలి. రేడియో కంట్రోల్ రాక్ క్రాలర్లతో రాళ్లెక్కే వాళ్ల లోకంలోకి...*

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండలు. సిస్కో గ్రోవ్ దగ్గర పైన్ చెట్ల నీడన గుడారాలు లేచాయి. వాటికి అవతల బూడిదరంగు గ్రానైట్ బండలు. ఓ బండ ముందు నడివయసు మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో రిమోట్, ఎదురుగా మూరెడు పైచిలుకు పొడవున్న జీపు. దాని ముందు చక్రాలు రెండూ బండ అంచుకు ఆనుకున్నాయి. వెనక చక్రాల్లో ఒకటి గోతిలో ఉంది. అతను రిమోట్ మీద వేలు తాకీతాకనట్టు నొక్కాడు. ముందు టైరు రాతి అంచుకు అణిగి, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంది. బండి అంగుళం పాకింది. ఇంకో అంగుళం. అంతలో మూతి పైకి లేచి, ఒక్క క్షణం తటపటాయించి, జీపు వెల్లకిలా పడింది.

పడ్డ బండిని ఎత్తిన మనిషి మోటారు జోలికి పోలేదు. బాడీ తీసి, వెనక ఉన్న బ్యాటరీని ఊడదీసి, ముందు ఇరుసు మీదికి జరిపి పట్టీ బిగించాడు. మళ్లీ అదే బండ, అదే దారి. ఈసారి మూతి లేవలేదు. నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి రాయిని పట్టుకుని పైకి చేరాయి. చుట్టూ నిలబడ్డ పిల్లలూ పెద్దలూ చప్పట్లు కొట్టారు.

ఆక్సియల్ అనే రేడియో కంట్రోల్ బండ్ల కంపెనీ పేరిట అక్కడ జరిగిన ఆక్సియల్‌ఫెస్ట్ కూటాల్లో ఇలాంటి దృశ్యాలకు లోటు లేదు. వేగంతో పనిలేని ఆట ఇది. మనిషి నడకకన్నా నెమ్మదిగా కదిలే బండి, ఇక ఎక్కలేదనిపించే రాయిని ఎక్కడమే ఇక్కడ గెలుపు. ఆ గెలుపులో సగం బండను చేరకముందే, ఇంట్లో బల్ల మీద స్క్రూడ్రైవర్‌తోనే తేలిపోతుంది.

ఈ సరదా కొన్నేళ్లుగా ఇళ్లలోకి కూడా వచ్చేసింది. అసలు వాహనంలో 24వ వంతు పరిమాణంలో ఆక్సియల్ తెచ్చిన ఎస్‌సీఎక్స్24 అరచేతిలో ఇమిడేంత బండి. కరోనా రోజుల్లో బయటికి పోలేని వాళ్లు పుస్తకాల దొంతరలూ సోఫా దిండ్లూ కొండలుగా పేర్చి దాన్ని నడిపారు. 2022లో ట్రాక్సస్ కంపెనీ 18వ వంతు టీఆర్ఎక్స్-4ఎం విడుదల చేసింది. బండి చేతికొచ్చిన వాళ్లలో చాలామందిది ఒకటే మొదటి ప్రశ్న: దీనికి ఇంకా పెద్ద టైర్లు పడతాయా?

రెండు మోటార్ల ముత్తాత

రాక్ క్రాలర్‌ను మొదట ఏ కంపెనీ కూడా కొండలెక్కడానికని తయారు చేయలేదు. 1987లో జపాన్‌కు చెందిన టమియా 'క్లాడ్ బస్టర్' అనే మాన్‌స్టర్ ట్రక్కును తెచ్చింది. ముందు ఇరుసు మీద ఒక మోటారు, వెనక ఇరుసు మీద ఒకటి. స్టీరింగ్ తిప్పితే నాలుగు చక్రాలూ తిరుగుతాయి. బురదలో ఉరకడానికీ, దిబ్బల మీంచి ఎగరడానికీ చేసిన బండి అది.

2000 తర్వాత అమెరికాలో కొందరు ఔత్సాహికులు దాని బలమైన ఇరుసుల్ని మాత్రం ఉంచుకుని మిగిలిందంతా పక్కన పెట్టారు. అల్యూమినియం రేకును రంపంతో కోసి సొంత చట్రాలు చేసుకున్నారు. ఇరుసుకూ చట్రానికీ మధ్య పొడవాటి కడ్డీలు బిగించి, చక్రం ఎంత వంకరగా ఉన్న రాయి మీదైనా వాలేలా మలిచారు. 2007లో ఆక్సియల్ ఏఎక్స్10 స్కార్పియన్‌తో, దుకాణంలో కొనుక్కోగల క్రాలర్ దొరికింది. ఆ తర్వాత వచ్చిన ఎస్‌సీఎక్స్10 చూడ్డానికి అచ్చం అసలు వాహనంలా ఉండటంతో ఆట మలుపు తిరిగింది. బండి ఎక్కితే చాలదు, నిజమైనదానిలా కనిపిస్తూ ఎక్కాలి.

2017లో ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4లో పోర్టల్ ఇరుసులు పెట్టింది. చక్రం దగ్గరే అదనపు గేర్లు ఉండటం వల్ల ఇరుసు చక్రం నడిమధ్యన కాకుండా కాస్త పైన ఉంటుంది. అంటే టైరు పెద్దది చేయకుండానే బండి కింద ఖాళీ పెరుగుతుంది. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను రిమోట్‌తోనే లాక్ చేసుకునే వీలు, రెండు వేగాల గేర్‌బాక్సు కూడా దానితోపాటే వచ్చాయి.

అర అంగుళం ఆశ

అసలు వాహనంలో పదోవంతు ఉండే క్రాలర్లలో ఎక్కువ వాటికి 1.9 అంగుళాల చక్రం ఉంటుంది. దాని మీద ఎక్కే టైర్ల ఎత్తులు మాత్రం రకరకాలు. పోటీల వర్గీకరణను బట్టి క్లాస్ 1 పేరిట 4.19 అంగుళాలవి, క్లాస్ 2 పేరిట 4.7 అంగుళాల పైచిలుకువి అమ్ముతారు. రెంటికీ మధ్య తేడా అర అంగుళం. ఆ అర అంగుళమే ఎంతోమందిని ఊరిస్తుంది.

ఊరించడంలో తప్పులేదు. పెద్ద టైరు పెద్ద రాతి మెట్టును అందుకుంటుంది. చిన్న టైరు కూరుకుపోయే సందును దాటేస్తుంది. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన డిఫరెన్షియల్ రాళ్లకు తగలడం తగ్గుతుంది. పైగా బండి చూపులోనే ఒక ఠీవి వస్తుంది. ఫొటోలో అది బాగుంటుంది కూడా.

> లెక్కలో అర అంగుళం
>
> 4.19 అంగుళాల టైరు తీసి 4.73 అంగుళాలది వేస్తే ఎత్తు 0.54 అంగుళం పెరుగుతుంది. ఇరుసు కిందికి వచ్చే ఖాళీ అందులో సగమే, సుమారు 7 మిల్లీమీటర్లు.
>
> బండి మొత్తం బరువు కూడా ఆ 7 మిల్లీమీటర్లు పైకి పోతుంది.
>
> చుట్టుకొలత 13 శాతం పెరుగుతుంది. అదే మోటారు, అదే గేరు ఉంచితే టైరు నేలను లాగే బలం 11 శాతం దాకా పడిపోతుంది.
>
> పాత బలం తిరిగి రావాలంటే మోటారుకు బిగించే 13 పళ్ల పినియన్ గేరు స్థానంలో 12 లేదా 11 పళ్లది పెట్టుకోవాలి.
>
> 4.73 అంగుళాలను పదింతలు చేస్తే 47 అంగుళాలు దాటుతుంది. కాలిఫోర్నియా ఎడారిలో జరిగే 'కింగ్ ఆఫ్ ద హామర్స్' పందెంలో పెద్ద బండ్లకు సాధారణంగా ఉండేవి 40 అంగుళాల టైర్లు.

కొత్తవాళ్లు తరచూ దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే. టైరు మార్చిన మొదటి సాయంత్రం బండి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. చదును నేల మీద ఇంకాస్త జోరుగా కూడా పోతుంది. నిటారు బండ ముందు నిలబెట్టగానే మోటారు మూలుగుతుంది, కదలదు. ట్రిగ్గర్ ఇంకా నొక్కితే ఒక్కసారిగా గెంతుతుంది. కాసేపటికి మోటారును ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే టైరుతోపాటు చిన్న పినియన్ గేరును కూడా అదే పొట్లంలో తెప్పించుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంకొందరు 35 టర్నుల మోటారు తీసి 55 టర్నులది వేసుకుంటారు. తీగ చుట్లు ఎక్కువైతే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, కానీ తక్కువ వేగంలో అదుపు చక్కగా దొరుకుతుంది.

స్టీరింగ్ తిప్పే సర్వో కష్టం వేరే. రెండు రాళ్ల నడుమ ఇరుక్కున్న పెద్ద టైరును పక్కకు తిప్పాలంటే దానికి చాలా బలం కావాలి. బండితో వచ్చిన సర్వో చేతులెత్తేస్తుంది, లేదా దాని ప్లాస్టిక్ పళ్లు ఊడిపోతాయి. బలమైన సర్వో వేస్తే అది కరెంటు ఎక్కువ లాగి, ఒక్కోసారి రిసీవర్‌కు చాలినంత వోల్టేజీ అందకుండా చేస్తుంది. అప్పుడు బండి కొండ మధ్యలో చచ్చినట్టు ఆగిపోతుంది. టైరుతో మొదలైన ఖర్చు గేరుకు, గేరు నుంచి మోటారుకు, అక్కణ్నుంచి సర్వోకు, చివరికి దాని కరెంటు సర్క్యూటుకు పాకడం ఈ సరదాలో అందరికీ తెలిసిన సంగతే.

ఎత్తాలా, కోయాలా

పెద్ద టైరు వేశాక వచ్చే మొట్టమొదటి చిక్కు చాలా మామూలుది. స్టీరింగ్ తిప్పితే టైరు వెళ్లి మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ఇక్కడ దారులు రెండు.

మొదటిది బండిని పైకెత్తడం. పొడవాటి షాక్ అబ్జార్బర్లు (షాకులు), గట్టి స్ప్రింగులు వేస్తే టైరుకు చోటొస్తుంది. టీఆర్ఎక్స్-4 కోసం పొడుగు కడ్డీలతో కూడిన లిఫ్ట్ కిట్‌ను ట్రాక్సస్ తానే అమ్ముతోంది. చూపుకు అద్భుతంగా ఉంటుంది. అయితే ఎత్తు పెరిగిన కొద్దీ గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు పోయే డ్రైవ్ షాఫ్ట్ వాలు ఎక్కువై, దాని కీళ్లు పట్టేస్తాయి. వాలు సరిచేయడానికి పై కడ్డీల పొడవు మార్చి ఇరుసు మూతిని కాస్త పైకి తిప్పాలి. అన్నింటినీ మించి గురుత్వ కేంద్రం పైకి పోతుంది. ఏటవాలు బండ మీద అడ్డంగా పోయేటప్పుడు ఎత్తైన బండి దొర్లిపోవడానికి చిన్న గులకరాయి చాలు.

రెండోది కత్తెర. బండిని ఉన్న ఎత్తులోనే ఉంచి, టైరు తగిలే మేర బాడీని కోసేయడం. పల్చటి పాలీకార్బనేట్ బాడీకి వంపు కత్తెర సరిపోతుంది. గట్టి ప్లాస్టిక్ బాడీకి చిన్న కోత మిషను కావాలి. లోపలి మడ్‌గార్డులు పూర్తిగా తీసేయాలి, బంపరు మూలలు తరగాలి. వినడానికి సులువే. కానీ రాత్రుళ్లు కూర్చుని లోపలివైపు నుంచి రంగులు వేసి, హెడ్‌లైట్ల స్టిక్కర్లు పట్టకారుతో అతికించిన బాడీ అది. దాని మీద కత్తెర పెట్టడానికి చేయి రాదు. మాస్కింగ్ టేపుతో గీత గుర్తుపెట్టుకుని రోజుల తరబడి అలాగే వదిలేసేవాళ్లు ఉంటారు.

అయినా రాళ్ల మీద నెగ్గేది కోసిన బండే. బరువు కిందే ఉంటుంది, టైరు పెద్దదవుతుంది. కొనుక్కోవాల్సిన భాగమూ ఏదీ లేదు. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే కోతకే ఓటెయ్యాలి. షోకేసులో నిలబెట్టే బండికైతే లిఫ్ట్ కిట్ అందం వేరు, అది ఒప్పుకోవాల్సిందే.

వేలాడే చక్రం

సస్పెన్షన్ అనగానే గుంతల్లో కుదుపు రాకుండా చేసేదని అనుకుంటాం. క్రాలర్‌లో దాని పని వేరు. నాలుగు టైర్లూ ఎప్పుడూ నేలను తాకుతూ ఉండాలి. ఒక చక్రం రాయి మీద ఉంటే ఇంకోటి గుంతలోకి జారగలగాలి.

ఇందుకోసం చాలామంది 'డ్రూప్' అనే పద్ధతి పాటిస్తారు. షాకులో స్ప్రింగును బాగా మెత్తగా పెట్టి, లేదా పిస్టన్‌కు కిందివైపు చిన్న స్ప్రింగు ఉంచి, చట్రం తన బరువుతో తానే కిందికి దిగి కూర్చునేలా చేస్తారు. షాకు ప్రయాణంలో ఎక్కువ భాగం కిందివైపుకే మిగిలి ఉంటుంది. గుంత రాగానే చక్రం దాంట్లోకి వేలాడుతుంది, చట్రం మాత్రం కదలకుండా రాయికి దగ్గరగా ఉంటుంది. బండి చూడ్డానికి అణిగిమణిగి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు ఇది నచ్చదు. ఒకసారి ఎక్కించి చూశాక అభిప్రాయం మార్చుకున్నవాళ్లు ఎందరో.

అలాగని చక్రం ఎంత వేలాడితే అంత మంచిదీ కాదు. మరీ వదులైతే బండి ఒకవైపు మొగ్గినప్పుడు ఆపే శక్తి ఏదీ ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పొడవునా తిరిగే డ్రైవ్ షాఫ్ట్ తన మెలికతో చట్రాన్ని ఒక పక్కకు ఒరిగిస్తుంది. నిటారు బండ మీద ట్రిగ్గర్ నొక్కగానే బండి ఒక భుజం వంచడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకవైపు స్ప్రింగును కాస్త గట్టిది వేయడం, షాకుల్లో చిక్కటి సిలికాన్ నూనె పోయడం వంటివి అందుకు మందులు. పోర్టల్ ఇరుసుల్లో బలాన్ని పెంచే పని చివర్లో చక్రం దగ్గర జరుగుతుంది కాబట్టి షాఫ్ట్ మీద మెలిక తక్కువ, ఒరుగుడూ తక్కువే.

> చిన్న బండి ఎందుకంత చప్పున పడిపోతుంది?
>
> బండిని పదోవంతుకు తగ్గించగలం, భూమ్యాకర్షణను తగ్గించలేం. పదోవంతు ఎత్తు నుంచి పడే వస్తువుకు పట్టే సమయం 10 వర్గమూలం మేరకు, అంటే మూడోవంతుకు తగ్గుతుంది. అసలు జీపు డ్రైవరుకు తేరుకోవడానికి దొరికే వ్యవధిలో మూడోవంతే రిమోట్ పట్టుకున్నవాళ్లకు దొరుకుతుంది. చిన్న నమూనాలతో తీసే సినిమా దృశ్యాలను స్లో మోషన్‌లో చూపించేది కూడా ఇందుకే.
>
> బరువు లెక్క కూడా ఇలాగే ఉంటుంది. పొడవు పదోవంతైతే బరువు వెయ్యోవంతు కావాలి. రెండు టన్నుల జీపుకు నమూనా రెండు కిలోలు ఉంటే సరి. తయారైన క్రాలర్లు చాలావరకు అంతకన్నా బరువుగానే తూగుతాయి.

గాలి లేని టైరు, ఇత్తడి చక్రం

ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల ఫోమ్ ఉంటుంది. చక్రానికో టైరుకో చిన్న రంధ్రం ఉంటుంది కాబట్టి రాయి ఒత్తగానే లోపలి గాలి బయటికి పోయి టైరు అణుగుతుంది. టైరుకున్న అసలు గుణం ఇక్కడే తేలుతుంది. మెత్తటి రబ్బరు, దానికి తగిన ఫోమ్ ఉన్న 4.19 టైరు, గట్టి రబ్బరు ఉన్న 4.73 టైరును గ్రానైట్ మీద ఓడించగలదు. ఫోమ్ మరీ మెత్తనైతే పక్కవాలు మీద టైరు మడతపడి బండి జారుతుంది. అందుకే లోపల గట్టి పొర, బయట మెత్తటి పొర ఉండే రెండంచెల ఫోమ్‌లు వచ్చాయి. కత్తెరతో ఫోమ్ అంచుల్ని తరుగుతూ, వేసి చూస్తూ, మళ్లీ తరుగుతూ ఆదివారాలు గడిపేవాళ్లు ఉన్నారు. టైరును జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించే బీడ్‌లాక్ చక్రాలు లేకపోతే ఈ ప్రయోగాలేవీ కుదరవు. వాగులో దిగితే ఫోమ్ నీళ్లు పీలుస్తుంది. ఆ నీరు చక్రం తిరుగుడుకు బయటికి పోవాలని కొందరు టైరు మీదే ఇంకో రంధ్రం పెడతారు.

ఆ తర్వాత ఇత్తడి. అసలు కార్లలో చక్రాల దగ్గర బరువు తగ్గించడానికి ఇంజనీర్లు తంటాలు పడతారు. క్రాలర్‌లో అంతా తలకిందులు. నెమ్మదిగా పోయే బండిలో బరువు ఎంత కిందుంటే అంత మేలు. స్ప్రింగుకు పైన కాకుండా చక్రంలో, ఇరుసులో ఉండాలి. ముందు చక్రాన్ని పక్కకు తిప్పే ప్లాస్టిక్ నకిల్ తీసి ఇత్తడిది పెడతారు. చక్రం లోపల సీసపు పట్టీలు అతికిస్తారు. ఎక్కువ బరువు ముందు చక్రాలకే. రెండు వంటింటి తూకాల మీద ముందు చక్రాలు ఒకదానిపై, వెనక చక్రాలు ఇంకోదానిపై నిలబెట్టి 60:40కి దగ్గరగా తేవడం చాలామంది లక్ష్యం. సిస్కో గ్రోవ్‌లో బ్యాటరీ ముందుకు జరగడంతో పని జరిగింది ఇందుకే. పైసా ఖర్చు లేని ఆ మార్పు, ఖరీదైన టైర్ల జతకన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన సందర్భాలు ఈ ఆటలో కొల్లలు.

అరచేతి బండ్లలో ఇత్తడి ప్రభావం ఇంకా తొందరగా తెలుస్తుంది. బండే తేలిక కాబట్టి కొద్ది గ్రాములు కూడా దాని నడకను మార్చేస్తాయి.

గీత ఎక్కడ గీయాలి

టైరు పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగాలి? ఈ తగువు పోటీల దగ్గర తీవ్రంగా వచ్చింది. పోటీలో రెండేసి గుర్తుల మధ్య నుంచి బండిని పోనివ్వాలి. గుర్తుకు తగిలితే, వెనక్కి నడిపితే, చేత్తో ఎత్తిపెడితే పెనాల్టీ పాయింట్లు. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లదే గెలుపు. హద్దు లేకపోతే అందరికన్నా పెద్ద టైరు కొన్నవాళ్లే గెలుస్తారని, చిన్న టైరుతో నేర్పు చూపేవాళ్లకు చోటుండదని అర్థమయ్యాకే తరగతుల వారీగా టైరు ఎత్తుకు గరిష్ఠ పరిమితి వచ్చింది. తయారీదారులు 4.73, 4.74 వంటి విచిత్రమైన కొలతలతో టైర్లు చేసేది ఆ గీతను తాకకుండా దాని అంచుదాకా రావడానికే.

క్లాస్ 1 టైర్లతో నడపడాన్నే ఇష్టపడే పాతకాపులు ఉన్నారు. చిన్న టైరు కింద ప్రతి రాయీ ఒక సమస్యే. ఏ చక్రాన్ని ముందు పెట్టాలో, ఏ కోణంలో రావాలో బండి చుట్టూ తిరిగి, వంగి, పడుకుని మరీ చూడాల్సి వస్తుంది. ఆ చూడటమే వాళ్లకు ఆట.

మన బండల దగ్గర

మన దేశంలో ఈ సరదాకు పెద్ద అడ్డంకి సుంకం. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడటానికి తెచ్చిన నిర్ణయం అది. ఆ ఉద్దేశం సరైనదే కావచ్చు. కానీ హాబీ బండిని తెప్పించుకునేవాళ్ల మీద కూడా ఆ భారం పడుతుంది. అందుకే మనవాళ్లు చాలామంది డబ్ల్యూపీఎల్ వంటి చైనా కంపెనీల చవక ట్రక్కులతో మొదలుపెట్టి, ఒక్కో భాగాన్నే మెల్లగా మార్చుకుంటూ పోతారు.

రాళ్లకు మాత్రం కొరత లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. గరుకైన ఆ రాయి మీద మెత్తటి రబ్బరు పట్టు అమోఘంగా ఉంటుంది. ఖాజాగూడ గుట్టల్లాంటి చోట్ల బండ మీద బండ పేర్చినట్టుండే సందుల్లో పదోవంతు జీపుకు కొండలూ లోయలూ అన్నీ దొరుకుతాయి. నగరం పెరిగేకొద్దీ ఈ బండలను పేల్చి కంకరగా మారుస్తుంటే, వాటిని కాపాడటానికి 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. ఒక్క క్రాలర్ నడవడానికి గది విస్తీర్ణంలో బండ మిగిలినా చాలు. అంత బండ కూడా మిగలని వీధులు ఇప్పటికే ఎన్నో ఉన్నాయి.

విడిభాగాల కొరతకు ఇంట్లోనే ఒక మార్గం దొరుకుతోంది. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు బంపర్లు, బ్యాటరీని ముందుకు జరిపే పళ్లేలు, షాకులు బిగించే టవర్లు సొంతంగా అచ్చు వేసుకుంటున్నారు. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో, ఫోమ్‌కు బదులుగా టైరు లోపల పెట్టే చక్రాలు కూడా వేస్తున్నారు. అది మరీ గట్టిగా అనిపిస్తే కంప్యూటర్‌లో గోడ మందాన్ని తగ్గించి మళ్లీ ప్రింటర్‌ను ఆన్ చేస్తారు. వచ్చే ఆదివారానికి బండి కొత్త టీపీయూ చక్రాలతో బండ దగ్గరికి వెళ్తుంది.